కక్షిదారు చూడరాని కాగితము

కంపెనీల నడుమ వ్యాజ్యము పుట్టినపుడు ఒకరి దస్తరము మరియొకరి కంటబడకుండ కాపాడుటయే న్యాయస్థానము వర్తకలోకమునకు చేయదగిన మహోపకారమనియు, ఎదుటివానికి కాగితములు విప్పి చూపుమను మన పాత పద్ధతి పల్లెటూరి గట్టు తగాదాలకు మాత్రమే సరిపోవుననియు, ఇటీవల హైదరాబాదునందు జరిగిన యొక సభలో కంపెనీ వ్యాజ్యములయందు పేరుమోసిన వకీలుగారొకరు సెలవిచ్చిరి. సభవారు కరతాళధ్వనులు చేసిరి. చేసినవారిలో గట్టు తగాదాలవలననే పిల్లలను చదివించుకొనుచున్నవారు పలువురుండుట చూచి నా కోపము రెండింతలైనది.

ఆయన ఈసడించిన పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు పదునొకండవ ఆర్డరులోనిది. వాదపత్రమునందు నీవొక దస్తావేజును పేర్కొంటివేని దానిని ఎదుటి కక్షికి చూపవలెను, నకలు తీసికొననీయవలెను. చూపకపోతివేని, తగిన కారణము చెప్పి కోర్టును ఒప్పించిననే తప్ప, దానిని నీ పక్షమున సాక్ష్యముగా పెట్టుకొనరాదు. కోర్టువారి ఉత్తరువునుగూడ పెడచెవిని పెట్టితివేని నీ దావా కొట్టుబడిపోవచ్చును, ప్రతివాదివైతే నీ ప్రతివాదము తుడిచివేయబడవచ్చును. ఇది పల్లెటూరివారి చట్టమే యనుకొందము. మరి అచ్చముగ వర్తకులకొరకే 2015లో పుట్టిన వాణిజ్య న్యాయస్థానముల చట్టమేమి చేసినది? ఈ ముడిని సడలించినదా? మరింత బిగించినది. తన వాదమునకు ప్రతికూలమైన కాగితమునుసైతము దావాతోపాటే దాఖలు చేయవలెనని, ఇంతకుమించి తనయొద్ద లేవని ప్రమాణము చేయవలెనని, జవాబు దావా పడిన పిమ్మట సాధారణముగా 30 దినములలో తనిఖీ ముగియవలెనని శాసించినది. ఈ చట్టము క్రిందనే దినదినము వాదించు వకీలుగారు దానిని చదువలేదని నేననజాలను. చదివి మరచిరనుటయే మర్యాద.

గట్టు తగాదాలన్నారు గనుక మరియొక సంగతి. ప్రత్యర్థి వాదమునకు బలము చేకూర్చు కాగితమే కాదు, అట్టి బలమున్న చోటికి దారి చూపగల కాగితమునుగూడ బయట పెట్టవలసినదేయని 1882లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చినది ఏ రైతు పొలము విషయములోను కాదు. పెరూ దేశపు పక్షిరెట్టను ఎరువుగా అమ్ముకొను కంపెనీపై మరియొక కంపెనీ తెచ్చిన దావాలో. రెట్టల వర్తకులకు పట్టిన నియమము నేటి సాఫ్ట్‌వేరు వర్తకులకు ఏల అంటరానిదైనదో వకీలుగారు సెలవీయలేదు.

నా అసలు పగ గోప్యతా క్లబ్బుమీద. అదేమో ఎరుగవలెనన్న, ఢిల్లీ హైకోర్టువారు 2018లో చేసికొన్న ఒరిజినల్ సైడు నియమములను తెరచి చూడుడు. రహస్యమని కోర్టు ఒప్పుకొన్న కాగితము సీలు కవరులో రిజిస్ట్రారు జనరల్ భద్రములో నుండును. దానిని చూచుటకు ఒక్కొక్క కక్షి ముగ్గురికి మించని వకీళ్లను, ఇద్దరికి మించని బయటి నిపుణులను నియమించుకొనవలెను. ఆ వకీళ్లు ఏ కక్షికిని జీతపు వకీళ్లుగా నున్నవారు గాని యెన్నడైన నుండినవారు గాని కారాదు. చూచినవారు నకలు తీయరాదు, ఎవరికిని చెప్పరాదు. సాక్ష్యము నడచునపుడు తక్కినవారందరు వెలుపలికి పోవలెను. తక్కినవారనగా నెవరు? దావా వేసినవాడు! వకాలతు పుచ్చుకొన్నవాడు లోపల, ఇచ్చినవాడు వరండాలో. సాయంకాలము వకీలు బయటికి వచ్చి, "రాజీ పడుడు, అదియే మేలు" అనినచో, ఎందుకని కక్షిదారు అడిగియు లాభములేదు. చెప్పుటకు వకీలునకు నోరులేదు.

జీడిమెట్లలో మందుల ముడిసరుకు చేయు చిన్న కంపెనీ యొకటి, తన ప్రక్రియను పెద్ద కంపెనీ హరించినదని దావా వేసినదనుకొందము. పెద్దవారి బ్యాచి రికార్డులు క్లబ్బులోనికి పోవును. ఏండ్ల తరబడి రియాక్టరు ప్రక్కన నిలుచుండి, ఏ ద్రావకమును ఏ వేడిమిలో పోసిన నేమగునో ఎరిగిన యజమాని ఆ పుటను ఒక్కమారు చూచిన నిది నాదని గుర్తుపట్టగలడు; ఆయనను చూడనీయరు. ఇంటరు పిదప రసాయనశాస్త్రము ముఖమెరుగని ముగ్గురు వకీళ్లు చూతురు. నిపుణుని తెచ్చుకొమ్మందురు, పెద్దవారికి నిపుణులు వాకిట కాచియుందురు, చిన్నవానికి తానే తన నిపుణుడు. ఇంటర్‌డిజిటల్, షావోమీల పేటెంటు వ్యాజ్యములో, షావోమీ సొంత అధికారులకుగూడ కనబడని లోపలిగది యొకటి క్లబ్బులో కావలెనని పేటెంటుదారు కోరగా, 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము నిరాకరించినది. ఇతరులతో చేసికొన్న లైసెన్సు ఒప్పందములతో పోల్చి రాయల్టీ న్యాయమైనదో కాదో తేల్చవలసియుండగా, చెల్లించువాడే ఆ ఒప్పందములను చూడరాదని కోరుటకు ధైర్యమెట్లు కలిగెనో!

వ్యాపారము చెడుననునది కొత్తపాట కాదు. తన సాక్ష్యము పత్రికలకెక్కినచో వ్యాపారమునకు నష్టమని బొంబాయి హైకోర్టులో ఒక సాక్షి మొరపెట్టుకొనగా, ప్రచురింపవలదని జడ్జీగారు నోటిమాటగా చెప్పిరి. 1966లో సుప్రీంకోర్టున తొమ్మండుగురు కూర్చుండిన ధర్మాసనము దానిని సమర్థించినది. వారిలో హిదాయతుల్లాగారొక్కరే ఒప్పుకొనలేదు. నేటి సీలు కవర్లన్నియు ఆనాడు తెరచిన తలుపునుండి వచ్చినవేయని నా నమ్మకము. ప్రత్యర్థి చూచినది దొంగిలించునందురా? కోర్టుధిక్కార చట్టము 1971 నుండి ఉన్నది. దాచుకొనుటయే ముఖ్యమందురా? మధ్యవర్తుల యొద్దకు పొండు. ఆర్బిట్రేషను చట్టమున 2019లో చేర్చిన 42-ఏ సెక్షను అక్కడ గోప్యతను విధించియే యున్నది.

మరి నిజముగ దాచదగిన సూత్రముండినచో? ఎందులకుండదు! పాత కోడులోనే, దస్తావేజును చూపకుండుటకు విశేషహక్కు కలదని ఒక కక్షి చెప్పుకొన్నపుడు న్యాయాధిపతి తానే చదివి తేల్చవచ్చునని యున్నది. రహస్యమను మాటకును ఆ దారినే పట్టింపుడు. దాచువాడు ఏ పంక్తి వలన నేమి నష్టమో ప్రమాణపూర్వకముగ చెప్పవలెను; ఆ పంక్తిని మాత్రమే కప్పవలెను; కప్పినదానిని సైతము ఎదుటి కక్షివారిలో ప్రమాణము చేసిన యొక్క మనిషియైనను చూడవలెను. ఇంత చదువుటకు న్యాయాధిపతులకు తీరిక యెక్కడిదందురేమో. దానికి సమాధానము నాయొద్ద లేదు, ప్రభుత్వమునడుగుడు. తనిఖీని అన్యాయముగ నిరాకరించిన కక్షిపై శిక్షారూపమైన ఖర్చులు వేయు అధికారము మాత్రము 2015 చట్టమే ఇచ్చినది. ధరల పట్టికను, పాలకవర్గపు తీర్మానమును, నలుగురు గుమాస్తాలు ఇచ్చిపుచ్చుకొన్న ఈ-మెయిళ్లను పరమరహస్యములని సీలువేసి తెచ్చు పెద్ద కంపెనీపై ఆ ఖర్చులు ఒక్కమారు గట్టిగ పడనిండు. ఆ మీదట క్లబ్బులో సభ్యత్వమునకు ఎందరు వత్తురో చూతము.