నోళ్లు పెరిగాయా? నేల తరిగిందా?

జనం పెరిగిపోతున్నారు కాబట్టే తిండికి కటకట, నీటికి కటకట అని ఎవరన్నా అంటే మనం కూడా తలూపేస్తాం. ఈ మాట ఎంతవరకు నిజమో పరవాడ మండలం రైతు తన పొలం గట్టు మీద నిలబడే తేల్చుకోవచ్చు.

ముందు లెక్కలు చూద్దాం. 1951లో మన దేశ జనాభా 36 కోట్లు. 2011 నాటికి 121 కోట్లు దాటింది. 2023లో చైనాను కూడా మించిపోయామని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. మరి తిండి గింజలో? 1950-51లో పండినవి సుమారు 5 కోట్ల టన్నులు. 2022-23లో 33 కోట్ల టన్నులకు దగ్గరగా పండాయి. అంటే జనం నాలుగింతలు కాకముందే పంట ఆరింతలు దాటింది. ఈ ఘనత ఎవరిది? రెండెకరాలు, మూడెకరాలు దున్నుకునే మన సన్నకారు రైతులది కూడా.

ఇక పిల్లల సంగతి. ఇద్దరికి మించి కన్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో రాశారు. 2024లో ఆ నిబంధన తీసేశారు. ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలే. తల్లీతండ్రీ ఇద్దరి స్థానం నిండడానికి కూడా ఈ లెక్క చాలదు. కాబట్టి పల్లెటూరి పేదవాడు పిల్లల్ని కనేస్తున్నాడనే నింద ఇప్పుడు చెల్లదు.

మరి ఇబ్బంది ఎక్కడుంది? నేల దగ్గరుంది, నీటి దగ్గరుంది. దేశం మొత్తం మీద సాగు భూమి యాభై ఏళ్లుగా 14 కోట్ల హెక్టార్ల దగ్గరే ఆగిపోయింది. వాటాలు మాత్రం ఆగలేదు. 1970-71లో దేశంలో సగటు కమతం ఐదున్నర ఎకరాల పైచిలుకు. 2015-16 నాటికి మన రాష్ట్రంలో అది రెండెకరాల ముప్పై సెంట్లు. తాతకు నాలుగెకరాలుంటే కొడుకులకు రెండేసి, మనవలకు ఒక్కొక్కటి. ఆ ఎకరంలో మళ్లీ గట్లు, దారులు, తలా ఒక బోరు. అప్పు మాత్రం ఎవరిది వారికే.

రెండోది పట్నం ఆకలి. 1951లో లక్ష పైచిలుకు జనం ఉన్న విశాఖపట్నం 2011 నాటికి 17 లక్షలు దాటింది. పట్నం పెరిగితే బియ్యం ఒక్కటే అడగదు. కరెంటు అడుగుతుంది, ఇనుము అడుగుతుంది, మందులు అడుగుతుంది, ఇళ్ల స్థలాలు అడుగుతుంది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దానికి ఏలేరు నీరు నూటయాభై కిలోమీటర్ల కాలువలో వస్తోంది. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం 2002లో మొదలై పదేళ్లలో 2000 మెగావాట్లకు చేరింది. ఆ పక్కనే ఫార్మాసిటీ రెండు వేల ఎకరాలు మించి పరచుకుంది. కాలుష్యం భరించలేక తాడి గ్రామస్థులు తమ ఊరినే వేరే చోటికి మార్చమని ఏళ్ల తరబడి కోరుతూ వచ్చారు. శారదా నది మీది రైవాడ జలాశయం నీటిలో పట్నానికి వాటా పోతుంటే, ఆ నీళ్లు సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు అడుగుతూనే ఉన్నారు.

పరిశ్రమలు వద్దనడం లేదు. మన పిల్లలకూ ఉద్యోగాలు కావాలి, మన మోటార్లకూ కరెంటు కావాలి. కానీ పోయిన పల్లపు భూమి తిరిగి రాదు. గెడ్డలో రసాయనం కలిస్తే కింది పొలాలన్నీ పాడవుతాయి. పెరిగిన జనం బరువంతా సన్నకారు రైతు నెత్తిన పెట్టి, తిండి మాత్రం చవగ్గా పండించమంటే ఎలా?

ఇంకొక్క మాట. ఇంత పంట పండుతున్నా అదే సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. గింజలకు లోటు లేదు, బలమైన తిండికే లోటు. వరి, చెరకు, సరుగుడు వచ్చి చోడి చేనును, పెసర మడిని పక్కకు నెట్టేశాయి.

కాబట్టి రైతు సోదరులారా, మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. వాటాలు కాగితం మీద పంచుకున్నా సాగు కలిసి చేసుకోండి. అన్నదమ్ములకు ఒక బోరు, ఒక దుక్కి చాలు. ఖర్చు తగ్గుతుంది, గట్ల కింద పోయే సెంట్లూ మిగులుతాయి. చెరువు గర్భాన్ని ఎవరినీ ఆక్రమించనివ్వకండి. వేసవిలో పూడిక మట్టి మెట్ట చేలకు తోలుకోండి. గత్తం వేయండి, జనుము చల్లి పూత దశలో కలియదున్నండి. యూరియా ఒక్కటే పోస్తే నేల నిస్సారమవుతుంది. ఇంటి తిండికి పది సెంట్లయినా చోడి, పెసర వేసుకోండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. బీడు భూమి ఉండగా రెండు పంటలు పండే పల్లాన్ని లేఅవుట్లకు, ఫ్యాక్టరీలకు ఇవ్వకూడదు. గెడ్డల్లో, బావుల్లో నీళ్లను తరచూ పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. పట్నానికి నీళ్లు మళ్లించే ముందు ఆయకట్టుకు ఇంత అని తేల్చి చెప్పాలి. గ్రామసభ పెట్టినప్పుడు వెళ్లి కూర్చుని, ఇవి అడిగి తీర్మానంలో రాయించండి.

పుట్టే ప్రతి బిడ్డకూ ఒక నోరుంటే, పని చేసే రెండు చేతులూ ఉంటాయంటారు పెద్దలు. ఆ చేతులకు నేల మిగల్చడమే ఇప్పుడు మన ముందున్న పని.