నీలం పూస్తే సముద్రమా?

వేసవి సెలవులు రాగానే పిల్లల చేత సముద్రం చేయించే పద్ధతి ఒకటి మన ఇళ్లలో, ప్రీస్కూళ్లలో స్థిరపడిపోయింది. పేపర్ ప్లేటుకు నీలం పూసి కింద రిబ్బన్లు వేలాడదీస్తే జెల్లీ ఫిష్. ఇంకో ప్లేటుకు ఆకుపచ్చ పూస్తే తాబేలు. అన్నిటికీ కదిలే ప్లాస్టిక్ కళ్లు, పైన చమ్కీ పొడి. తినడానికి నీలం జెల్లీ, దాని మీద చేప ఆకారపు బిస్కట్లు. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, ఇల్లు పాడవదు, ఫొటో బాగా వస్తుంది. ఇంత సులువు కనుకే మంచిదని అందరూ అంటున్నారు. నాకు తప్పు కనబడుతున్నది ఆ సులువులోనే.

ఆ పదిహేను నిమిషాల్లో పిల్ల చేసేదెంత? గీసేది అమ్మ, కత్తిరించేది అమ్మ, గ్లూ గన్ పట్టేదీ అమ్మే. పిల్ల కళ్లు అతికిస్తుంది. అదీ జెల్లీ ఫిష్‌కు! చాలా రకాల జెల్లీ ఫిష్‌లకు మనకున్నలాంటి కళ్లు లేవు. ఎముక లేదు, మెదడు లేదు. అవేవీ లేకుండా ఒక జీవి హాయిగా ఈదుతోందని చెబితే ఐదేళ్ల పిల్ల నోరు వెళ్లబెడుతుంది. మనమేమో దానికి రెండు కళ్లూ ఒక నవ్వూ తగిలించి ఆ వింత కాస్తా పోగొడుతున్నాం. ఎర్ర కాగితం పీతల సంగతి సరేసరి. ఆరు కాళ్లవి ఉంటాయి, ఎనిమిది కాళ్లవి ఉంటాయి. అసలు పీతకు ముందున్న రెండు పెద్ద కాళ్లతో కలిపి పది. హైదరాబాద్‌లో సముద్రం లేకపోవచ్చు, ముషీరాబాద్‌లో చేపల మార్కెట్ ఉంది. ఆదివారం పొద్దున నాన్న వెంట సంచీ పట్టుకుని వెళ్లిన పిల్లవాడు ఆ పదీ తనే లెక్కపెట్టుకుంటాడు.

వాడే సరుకు మాటకొస్తే, చమ్కీ పొడి చాలావరకు అల్యూమినియం పూత పూసిన ప్లాస్టిక్ పొరను తుంపులు తుంపులుగా కోసింది. చేతులు కడిగితే కాలువలోకి పోతుంది, కాలువ ఎక్కడికి పోతుందో తెలిసిందే. అలాంటి విడి పొడి అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్‌లో ఆపేసింది. మన దేశంలో అలంకరణకు వాడే థర్మాకోల్ మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. అయినా ‘సముద్రాన్ని కాపాడుదాం’ అన్న స్కూలు ప్రాజెక్టు థర్మాకోల్ పలక మీదే తయారవుతుంది.

పిల్లలు ఆడుకుంటుంటే పాఠాలెందుకు, ఆనందిస్తే చాలదా అంటారు. చాలు. నేను అడుగుతున్నదీ ఆనందమే, కాకపోతే పిల్ల చేతికి దక్కే ఆనందం. ఆ లెక్కన మన వంటింట్లో అంతకన్నా పాత సముద్రం ఉంది: బెల్లం గవ్వలు. మైదాలోనో గోధుమపిండిలోనో కాస్త రవ్వ, చిటికెడు ఉప్పు, వేడి నెయ్యి వేసి, నీళ్లతో గట్టిగా కలిపి, గోలీలంత ఉండలు చేసి గీతలున్న గవ్వల చెక్క మీద పెట్టాలి. బొటనవేలితో నొక్కుతూ ముందుకు తోస్తే పిండి తనంతట తనే చుట్టుకుని గవ్వవుతుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన, అదీ లేకపోతే ఫోర్కు. మొదట్లో చితికిపోతాయి. ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పలేరు, వేలికే తెలియాలి. చిన్న వేలికి చిన్న గవ్వ వస్తుంది కాబట్టి పళ్లెంలో ఏది ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది. నూనె మూకుడు దగ్గరా పాకం దగ్గరా మాత్రం పెద్దవాళ్లే ఉండాలి.

పక్కన నాలుగు నిజం గవ్వలు పెట్టండి. అష్టాచెమ్మా ఆడేవి ఇంట్లో ఉంటే అవే చాలు. అసలు గవ్వ వీపు నున్నగా ఉంటుంది, గీతలుండవు. కింద చీలికకు మాత్రం పళ్లలాంటి అంచులుంటాయి. మరి మనం తినేదానికి గీతలెందుకని పిల్ల అడగాలి, అడుగుతుంది. ఈ గవ్వలే మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి బెంగాల్‌లో, ఒడిశాలో డబ్బుగా చెలామణి అయ్యాయని చెబితే, కాసేపట్లో ఇంట్లో కొట్టు తెరుచుకుంటుంది.

జెల్లీయే కావాలా? చైనా గ్రాస్‌తో చేయండి. అది సముద్రపు నాచు నుంచి తీసేది. తమిళనాడులో రామేశ్వరం, మండపం తీరాల్లో ఆడవాళ్లు నీళ్లలో మునిగి ఆ నాచు ఏరుకొస్తారు. పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిలటిన్‌తో చేసిన జెల్లీ 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. బెజవాడ మే నెలలో ఆ నీలి సముద్రం ఫ్రిజ్ దాటి ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోండి. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడ్డాక ఆ వేడికి చలించదు. నీలం రంగుకు శంఖుపూలు మరిగించిన నీళ్లున్నాయి. అందులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఊదా రంగుకు తిరుగుతుంది, పిండే పని పిల్లదే.

ఉప్పు ఇంకా తేలిక. లీటరు సముద్రపు నీళ్లలో సగటున 35 గ్రాముల ఉప్పుంటుంది. గోదావరి, మహానది, గంగ వచ్చి కలుస్తాయి కనుక మన బంగాళాఖాతం పైనీళ్లలో కాస్త తక్కువే. లీటరు నీళ్లలో అంత ఉప్పు కరిగించి, వెడల్పాటి పళ్లెంలో కొంచెం పోసి మేడ మీద పెడితే, నీళ్లు ఇంకిపోయాక భూతద్దంలో చిన్న చిన్న ఘనాలు కనబడతాయి. కిలో ఉప్పు రావాలంటే దాదాపు 30 లీటర్లు ఎండాలి. నౌపడలో, చినగంజాంలో ఉప్పు మళ్ల దగ్గర జనం ఎండలో నిలబడి చేసే పని ఏమిటో అప్పుడు ఆ పళ్లెమే చెబుతుంది.

ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇంత టైమెక్కడిదండీ అన్నది న్యాయమైన ప్రశ్నే. గవ్వలకు ఒక పూట పడుతుంది. ఉప్పు పళ్లేనికి అయిదు నిమిషాలు, మిగతాది ఎండ చూసుకుంటుంది. పూట తీరిక లేని వారం గవ్వలు మానేయండి, నష్టం లేదు. వారానికో సముద్రం కావాలని పిల్లలెవరూ అడగలేదు, ఆ లెక్క క్రాఫ్ట్ కిట్లు అమ్మేవాళ్లది. ఇల్లు పాడవుతుందా? అవుతుంది. గచ్చంతా పిండే. ఊడ్చి చెత్తబుట్టలో వేసినా, గుమ్మం బయట చీమలకు వదిలేసినా ఎవరికీ ఇబ్బంది లేదు. చమ్కీ పొడితో ఆ పని చేయగలరా?