బూట్లు సరే... మరి ఇదో?

పొద్దున్నే పార్కుకొచ్చే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. కాళ్లకు మంచి బూట్లుంటాయి. లోపల మాత్రం మామూలు బ్రానే. నాలుగడుగులు పరుగెత్తగానే ఇబ్బందిగా చున్నీ సర్దుకుంటూ ఆగిపోతారు. బళ్లో ఆటలాడే పిల్లలదీ ఇదే బాధ. పైకి చెప్పుకోలేక ఆటే మానేసేవాళ్లున్నారు. ఇది అన్యాయం కాదూ?

రొమ్ముల్లో వాటిని నిలబెట్టే కండరాలుండవు. చర్మం, లోపలి సన్నని బంధాలే ఆధారం. అందుకే గెంతేటప్పుడు, పరుగెత్తేటప్పుడు గట్టి ఆసరా కావాలి. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో ముగ్గురు మహిళలు, మగ ఆటగాళ్లు వాడే సపోర్టర్లు రెండింటిని కలిపి కుట్టి స్పోర్ట్స్ బ్రాకు తొలి నమూనా తయారుచేశారు. అవసరం అలాంటిది మరి!

కొనేటప్పుడు సిగ్గుపడకండి. వేసుకుని చేతులు పైకెత్తండి, రెండుసార్లు గెంతండి. కింది పట్టీ పైకి జరగకూడదు. అలాగని ఊపిరాడనంత బిగువూ వద్దు, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. షాపులో వేసుకుని చూడనివ్వకపోతే, సరిపోకుంటే మార్చుకుంటానని ముందే చెప్పండి. నూలుబట్ట చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. నైలాన్, పాలిస్టర్‌లలో సాగే దారం కలిపి నేసినవైతే తొందరగా ఆరతాయి. ఉతికాక తువ్వాలు చాటున దాచి ఆరేయడం మాత్రం మానండి. చెమ్మబట్ట ఒరుసుకుంటే మంట, దురద తప్పవు.

అమ్మాయికి ఆటబూట్లు కొనిచ్చే రోజే ఇదీ కొనివ్వాలంటాను. ఇదీ ఆటసామానే. ఏమంటారు?