అధ్యాపకులకు మార్కులు

మార్కులు అనగానే విద్యార్థి జవాబుపత్రం, అధ్యాపకుని ఎర్రసిరా కలం గుర్తుకు వస్తాయి. విశ్వవిద్యాలయాలలో ఈ క్రమం తలక్రిందులయ్యే రోజు ఒకటి ఉంది. సెమిస్టరు ముగింపులో విద్యార్థులకు ఒక అభిప్రాయపత్రం అందుతుంది. పాఠం స్పష్టంగా చెప్పారా, వేళకు తరగతికి వచ్చారా, సందేహాలను ఓపికగా తీర్చారా వంటి ప్రశ్నలకు విద్యార్థి అంకెలు వేయాలి. ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీ కళాశాలలో అడుగుపెట్టే మీ చేతికీ అటువంటి పత్రం రావచ్చు. దాని విలువ ఎంత, దానిని ఎలా వినియోగించాలి అని ముందుగానే ఆలోచించుకోవడం మేలు.

ఈ పద్ధతి అమెరికాలో 1920ల దశకంలో రూపుదిద్దుకున్నది. పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వశాస్త్రవేత్త హెర్మన్ రెమ్మర్స్ దీనికి ఆద్యులలో ఒకరు. మన దేశంలో కళాశాలల నాణ్యతను మదింపు చేయడానికి 1994లో ఏర్పడిన నాక్ సంస్థ, 2017లో సవరించిన తన విధానంలో విద్యార్థుల సంతృప్తిపై సర్వేను చేర్చింది. తెలుగునాట కళాశాలలకూ ఆ విధంగా ఇది పరిచితమైనది.

గురువును శిష్యుడు తూచడం అపచారమని కొందరు నొచ్చుకుంటారు. ఆ మాట మన సంప్రదాయంతో పూర్తిగా పొసగదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, విద్య ముగించిన శిష్యునితో ఆచార్యుడు తమ నడవడిలోని మంచినే అనుసరించమనీ, తక్కినదానిని విడిచిపెట్టమనీ చెబుతాడు. మంచిచెడ్డలు ఎంచే వివేకం శిష్యునికి ఉన్నదని నమ్మినవాడే అలా చెప్పగలడు. పైగా తరగతి గదిలో ఏడాది పొడవునా కూర్చునేవారు విద్యార్థులే. పాఠ్యప్రణాళికలో సగం వదిలివేసిన అధ్యాపకుని సంగతి మొదట తెలిసేది వారికే. కనుక వారిని అడగడం సబబే. వారు చెప్పినదానితో విశ్వవిద్యాలయాలు ఏమి చేస్తున్నాయన్నదే అసలు చిక్కు.

అనేక విశ్వవిద్యాలయాలు ఆ అంకెలను కూడి, సగటు తీసి, వచ్చిన సంఖ్యనే బోధనాసామర్థ్యంగా పరిగణించాయి. ఉద్యోగ స్థిరత్వాన్నీ, పదోన్నతినీ దానితో ముడిపెట్టాయి. ఒప్పంద పద్ధతిపై పనిచేసే అధ్యాపకునికి ఆ సంఖ్య మరుసటి ఏడాది జీవనాధారాన్నే నిర్ణయించవచ్చు. అటువంటివాడు కష్టమైన పాఠాన్ని తేలికచేసి దాటవేయడానికీ, మార్కులు ధారాళంగా వేయడానికీ ఆశపడితే ఆశ్చర్యం లేదు. ఆ నష్టం చివరకు విద్యార్థిదే.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఏ విద్యార్థి ఎవరి తరగతిలో చేరాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. అందువల్ల అధ్యాపకులను సరిపోల్చడానికి అది అనువైన చోటు. అక్కడి ఫలితాలపై కారెల్, వెస్ట్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రారంభ గణిత కోర్సులో తమ విద్యార్థులకు మంచి మార్కులు రప్పించిన అధ్యాపకులకు విద్యార్థుల మెప్పు దక్కింది. అయితే వారి విద్యార్థులు తరువాతి ఉన్నత కోర్సులలో సగటున వెనుకబడ్డారు. పునాదులు లోతుగా తవ్వించిన గురువు విలువ ఆ ఏడాది అభిప్రాయపత్రంలో కనిపించలేదన్నమాట.

మరొక లోపం ఇంతకంటె బాధాకరమైనది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. ముఖాలు కనబడని ఆన్‌లైన్ కోర్సులో ఒక పురుషుడు, ఒక స్త్రీ బోధనా సహాయకులుగా పనిచేశారు. ఒక్కొక్కరు ఒక బృందానికి పురుషునిగానూ, మరొక బృందానికి స్త్రీగానూ పరిచయమయ్యారు. దిద్దిన పని అందరికీ ఒకే సమయానికి తిరిగి ఇచ్చారు. అయినా సత్వరతకు పురుషుని పేరుకు 5కు 4.35 వస్తే, స్త్రీ పేరుకు 3.55 మాత్రమే వచ్చింది. కళ్లముందు జరిగిన విషయంలోనే మన తలపులు తూకాన్ని ఇలా వంచితే, ఆ అంకెల సగటును న్యాయమని ఎలా అనగలం?

కెనడాలోని టొరంటో నగరంలో రైర్సన్ విశ్వవిద్యాలయానికీ, అధ్యాపక సంఘానికీ మధ్య ఇదే వివాదం తలెత్తింది. 2018లో మధ్యవర్తి విలియం కాప్లన్, పదోన్నతుల కోసం బోధనాసామర్థ్యాన్ని కొలవడానికి ఈ పత్రాలను వాడరాదని తీర్పు చెప్పాడు. అయితే విద్యార్థుల అనుభవాన్ని తెలుసుకోవడానికి అవి ఉపకరిస్తాయని అంగీకరించాడు. సామర్థ్యాన్ని నిర్ణయించడానికి తోటి అధ్యాపకులు తరగతిలో కూర్చొని పరిశీలించడం, బోధనకు సంబంధించిన పత్రాలను శ్రద్ధగా చదవడం మేలైన మార్గాలని సూచించాడు.

బోధనను దాని ఫలితంలో చూడాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో గణదాసుడు, హరదత్తుడు అనే నాట్యాచార్యులు ఎవరు గొప్ప అని వాదులాడుకుంటారు. విద్య తెలిసి ఉండటమే కాక దానిని శిష్యులకు అందించగలిగినవాడే ఉత్తమ గురువని అక్కడ తేలుతుంది. అందుకే శిష్యుల ప్రదర్శనను చూసి, నాట్యం ఎరిగిన పరివ్రాజిక తీర్పు చెప్పాలని నిర్ణయిస్తారు. ఇందులో ఒక చమత్కారం ఉంది. రాజు అగ్నిమిత్రుని అసలు కోరిక మాళవికను చూడటం. ఆచార్యుల పరీక్ష అందుకు ఒక సాకు. నేటి విశ్వవిద్యాలయాలూ ఈ ప్రశ్న వేసుకోవాలి. అభిప్రాయపత్రాలు బోధనను మెరుగుపరచడానికా, లేక దస్త్రంలో ఒక సంఖ్య నింపడానికా?

విద్యార్థులారా! రేపు ఆ పత్రం మీ చేతికి వచ్చినప్పుడు తరగతిలో మీరు చూసినదానికి సాక్షులుగా ఉండండి. అంకె వేసే ముందు జరిగినదాన్ని జ్ఞాపకం చేసుకోండి. ఇదే పని మరొకరు చేసి ఉంటే ఇంతే వేసేవాడినా, ఇంతే వేసేదాన్నా అని ప్రశ్నించుకోండి. వీలున్నచోట ఏ పాఠం అర్థమైంది, ఏది కాలేదు, ఎందుకు అన్నది రెండు వాక్యాలలో వ్రాయండి. తన బోధనను దిద్దుకోదలచిన అధ్యాపకునికి సగటు సంఖ్యకంటె ఆ రెండు వాక్యాలే ఎక్కువగా తోడ్పడతాయి.