భయపెడితే కాదు, రోషం పుట్టియ్యాలె

సినిమా హాల్ల లైట్లు ఆరినయంటే ముందుగాల వచ్చేది పొగాకు యాడే. గుట్కా తిని, నోటి క్యాన్సర్‌తోని 24 ఏండ్లకే పానమిడిసిన ముకేశ్ కథ చూడనోళ్లు తక్కువ. సిగరెట్, గుట్కా కనవడే సినిమాలకు మొదట్ల, నడుమల గిసోంటి యాడ్లు ఎయ్యాలని కేంద్రం పెట్టిన రూల్ 2012 అక్టోబర్ 2 నుంచి అమల్ల ఉన్నది.

మరి మన పోరగాండ్లు ఏం చేసిన్రు? ఆ గొంతును మిమిక్రీ చేసిన్రు, మీమ్స్ చేసిన్రు. హాల్ల వినవడే ‘ఈ నగరానికి ఏమైంది’ అన్న మాట 2018ల ఒక సినిమాకు పేరే అయింది. అంటే యాడ్ మంచిగ యాదికున్నది. కానీ యాదికుండుడు వేరు, మనసు మారుడు వేరు. సచ్చిపోయిన పిలగాని గోస నవ్వులాట అయిందంటే తప్పు పోరగాండ్లది ఒక్కటే కాదు. ఒకే భయాన్ని వందసార్లు చూపెడితే భయమే పోతది.

గట్లని ఆ యాడ్లు దండుగ అనలేం. ఏండ్ల సంది తాగుతున్నోళ్లకు మానాలన్న ఆలోచన పుట్టియ్యడానికి పనికొస్తయ్. ఇంకా మొదలువెట్టనోని లెక్క వేరు. పదిహేడేండ్ల పిలగానికి యాభై ఏండ్లకొచ్చే రోగం కనవడది, పక్కన నిలవడ్డ దోస్తు కనవడతడు. పెద్దోన్ని అయిన అనిపించుకునేటందుకు ముట్టిస్తడు. ‘వద్దు’ అంటే ఇంకింత గుంజుతది.

ఈ కిటుకును అమెరికాల ఫ్లోరిడా రాష్ట్రం 1998ల పట్టుకున్నది. ‘ట్రూత్’ పేరుతోని నడిపిన ప్రచారంల తాగొద్దని నీతులు చెప్పలే. కంపెనీలు మిమ్మల్ని ఎట్ల మోసం చేస్తున్నయో చూడుండ్రి అన్నది. రెండేండ్లల్ల ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్ల సిగరెట్ తాగేటోళ్లు 18.5 శాతం నుంచి 11.1 శాతానికి దిగిన్రు. బడులల్ల, ఊర్లల్ల చేసిన పని కూడ దానికి తోడైంది. 2000ల ఇదే ప్రచారం దేశమంత పోయింది. న్యూయార్క్‌ల ఒక సిగరెట్ కంపెనీ ఆఫీస్ ముందట 1,200 శవాల సంచులు కుప్పవోసి, పొగాకుతోని రోజు ఇంతమంది పోతున్నరని చూపెట్టిన్రు.

అదే కాలంల ఫిలిప్ మోరిస్ కంపెనీ ‘ఆలోచించు, తాగకు’ అని సొంతంగ యాడ్లు ఇచ్చింది. అవి చూసిన పిల్లలే పొగ దిక్కు ఎక్కువ మొగ్గిన్రని 2002ల ఒక అధ్యయనం తేల్చింది. నీతికి, నిజానికి ఉన్న తేడా గదే.

ఇగ మన సంగతి. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం జాగల క్యాన్సర్ బొమ్మ ఉంటున్నది. కానీ కాలేజీ పోరడు ప్యాకెట్ కొంటడా? ఒక్క సిగరెట్ కొంటడు. బొమ్మ పాన్ డబ్బాలనే ఉంటది. తెర మీద హీరో స్టయిల్‌గ పొగ ఇడుస్తుంటే హెచ్చరిక మూలకు సన్న అక్షరాలల్ల కనవడతది. బడి, కాలేజీలకు 100 గజాల లోపల అమ్మొద్దని, 18 ఏండ్లు నిండనోళ్లకు ఇయ్యొద్దని చట్టమున్నది. పాన్ డబ్బా కాడికి పోయి చూస్తె ఎంత అమలైతున్నదో ఎరుకైతది.

అందుకే యాడ్ మారాలె. ‘తాగితే సస్తవ్’ అనుడు కాదు, ‘పాత గిరాకీ సచ్చిపోతున్నది, నీ జేబు మీద కన్నేసిన్రు’ అని చెప్పాలె. మన పోరగాండ్లకు భయం తక్కువ గానీ రోషం మస్తు. తనను ఎడ్డోన్ని చేస్తున్నరని తెలిస్తే సిగరెట్ వాడే పారేస్తడు. యాడ్‌తోని పాటు లూజ్ అమ్మకం కూడ బందయితేనే ఆ రోషం నిలవడతది.