ఓటీపీ చెప్పే అమ్మ

పోయిన కార్తీకంలో ఓ సోమవారం. పొద్దున్నే గోదావరి స్నానం చేసి వచ్చి, సాయంత్రం చలిమిడికి బియ్యం నానబోస్తున్నాను. ఫోన్ మోగింది.

"మేడమ్, కాలేజీ ఎగ్జామ్ సెక్షన్ నుంచండి. మీ అమ్మాయి ఫీజు రసీదు అప్‌డేట్ అవట్లేదండి. మీ నంబరుకి ఒక కోడ్ వచ్చుంటుంది, చెప్తే ఇప్పుడే క్లియర్ చేసేస్తాను."

అమ్మాయి పేరు చెప్పాడు, బ్రాంచి చెప్పాడు, సెక్షన్ కూడా చెప్పాడు. చెంగుతో చెయ్యి తుడుచుకుని ఆరంకెలూ గడగడా చదివేశాను. "థాంక్యూ మేడమ్" అన్నాడు. మర్యాదస్తుడే!

గంట తిరక్కుండా మా అమ్మాయి కాలేజీ మెయిల్ దాని చేతిలోంచి పోయింది. సాయంత్రానికి క్లాసు పిల్లలందరికీ దాని పేరుతో "అర్జెంటుగా డబ్బు కావాలి, రేపు ఇచ్చేస్తా" అని మెయిల్స్ వెళ్ళాయి. ఓ పిల్ల పాపం 1500 రూపాయలు పంపేసింది. ఆ డబ్బు నేనే పట్టుకెళ్ళి వాళ్ళమ్మగారి చేతిలో పెట్టాను. "ఎందుకండీ వదినగారూ" అంటూనే తీసుకున్నారు. తీసుకోవాలి కూడా. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. కాలేజీ వాళ్ళు మెయిల్ తిరిగి దాని చేతికి ఇచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఈలోగా ఓ ప్రాజెక్టు పెట్టాల్సిన గడువు దాటిపోయింది. అది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అనాల్సినవి మావారు అన్నారు. "ఎన్నిసార్లు పేపర్లో వేసినా మీ ఆడాళ్ళకి ఎక్కదు." ఆ రోజు నాకూ అలాగే అనిపించి తలదించుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ మాట ఒప్పుకోను.

మీరే చెప్పండి, మన ఫోనుకి రోజుకెన్ని ఓటీపీలు వస్తాయి? గ్యాస్ అబ్బాయి సిలిండరు గుమ్మంలో దింపి "కోడ్ చెప్పండమ్మా" అంటాడు. అది చెప్పాలి, చెప్పకపోతే డెలివరీ అయినట్టు కాదు. పార్సిల్ అబ్బాయి అడుగుతాడు. అదీ చెప్పాలి. మావారు షాపులోంచి ఫోన్ చేసి "ఏదో వచ్చింది చూడు, చదువు" అంటారు. హాస్టల్లోంచి అమ్మాయి "అమ్మా, ఓటీపీ!" అంటుంది, నమస్కారం కూడా ఉండదు. ఇలా వంటింట్లో నిలబడి, పోపు మాడకుండా చూసుకుంటూ, అడిగినవాళ్ళందరికీ అంకెలు చదివి పెట్టడం మాకు అలవాటు చేసింది ఇంటిల్లిపాదీ కలిసే. కొన్ని చెప్పి తీరాల్సినవి, కొన్ని చచ్చినా చెప్పకూడనివి. రెండూ ఒకేలా ఆరంకెలో నాలుగంకెలో, రెండూ ఇంగ్లీషులోనే. ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే రాసుందట. నేను అంకెలు మాత్రమే చదివాను.

ఆడవాళ్ళకే ఎక్కదంటారా, 2022 సెప్టెంబరులో ఉబర్ కంపెనీకి ఏమైందో చూడండి. వాళ్ళకి పనిచేసే ఒక కాంట్రాక్టరు ఫోనుకి "లాగిన్ అవుతున్నది మీరేనా?" అని నోటిఫికేషన్లు మీద నోటిఫికేషన్లు పంపారు. పదేపదే వస్తుంటే చివరికి ఒకదానికి అవునని నొక్కేశారు. దొంగ లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ పోపు మాడిపోయే తొందర కూడా లేదు కదండీ!

మా అమ్మాయి తర్వాత నాకు కూర్చోబెట్టి చెప్పింది. బ్యాంకు లాకరుకి వెళ్ళినప్పుడు చూశారుగా, బ్యాంకు వాళ్ళ తాళంచెవి ఒకటి, మనది ఒకటి. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. టూ స్టెప్ వెరిఫికేషన్, మల్టీ ఫ్యాక్టర్ అనేవన్నీ అదే లెక్క. పాస్‌వర్డ్ ఒక తాళం, చేతిలో ఉన్న ఫోను రెండోది. పాస్‌వర్డ్ ఎవరో కనిపెట్టినా ఫోను వాళ్ళ దగ్గర ఉండదు కాబట్టి ఆగిపోతారు. మన దేశంలో ఆన్‌లైన్లో కార్డు వాడితే పిన్నో ఓటీపీయో అడిగే పద్ధతి రిజర్వు బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. బంగారానికీ డబ్బుకీ రెండు తాళాలు వేసుకున్నాం. పిల్లల కాలేజీ మెయిల్ అంటే మాత్రం "దాంట్లో ఏముంది, మార్కులేగా" అనుకున్నాం. ఇంటర్న్‌షిప్ కబుర్లు అందులోనే, ఎన్‌పీటెల్ కోర్సుల రిజిస్ట్రేషన్ అందులోనే. మిగతా వాటి పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది వచ్చేదీ అందులోకే.

మరి దాని మెయిల్‌కి రెండో తాళం నా దగ్గర ఎందుకుంది? మావారు షాపులో ఫోన్ ఎత్తరు, అందుకని ఇంటర్ అప్లికేషన్లో నా నంబరు వేశాం. అదే ఈఏపీసెట్‌కి వెళ్ళింది. అక్కణ్ణుంచి కాలేజీకి వెళ్ళింది. అప్పట్లో విద్యా దీవెన డబ్బులు తల్లుల ఖాతాల్లోనే పడేవి కాబట్టి అందరూ అమ్మ నంబరే అడిగేవారు. మెయిల్ ఇచ్చినప్పుడు రికవరీ నంబరు అనే చోటా అదే పడింది. ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు.

అయితే ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచను. మా తోడికోడలు పైకే అంటుంది, "ఆడపిల్ల, ఏం చేస్తోందో మనకి తెలియాలి కదే, నంబరు మన దగ్గరుంటే మంచిదే" అని. నాకూ లోలోపల ఆ ధీమా ఉండేది. కానీ ఏం తెలిసింది నాకు? మూడేళ్ళుగా దాని ఓటీపీలు చదివాను, దాని మనసులో మాట ఒక్కటి ఆ అంకెల్లో దొరకలేదు. హాజరు తక్కువైందని మెసేజ్ నాకు రావాలి, ఫీజు బాకీ ఉందని నాకు రావాలి. ఓటు హక్కొచ్చిన పిల్ల ఖాతాకి తాళం మాత్రం నా కొంగున ఉండక్కర్లేదు. రేపు అత్తారింటికి వెళ్తే అక్కడ ఇంకెవరి ఫోనుకి వెళ్తుంది అది? ఇప్పుడే దాని చేతికి ఇవ్వకపోతే, తన తాళం తన దగ్గర ఉండాలని దానికెప్పుడు తెలుస్తుంది?

దసరాకి చేసినట్టు ఓ పూట కూర్చుని ఇల్లంతా సర్దినట్టే సర్దాం. నా నంబరు తీసేసి దాని నంబరు పెట్టింది. దాని ఫోన్లో అథెంటికేటర్ యాప్ వేసుకుంది. అందులో అంకెలు 30 సెకన్లకోసారి మారిపోతుంటాయి, మెసేజ్ రానక్కర్లేదు. సిగ్నల్ లేకపోయినా అంకెలు కనిపిస్తాయి. కోనసీమలో మా ఆడపడుచు గారి లంక ఊళ్ళో మేడెక్కి ఫోను ఊపాల్సిన బాధ తెలిసినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. యాప్‌లో అంకెలైనా ఎవరైనా అడిగితే చెప్పేస్తే మళ్ళీ అంతే, అది వేరే సంగతి. ఫోను పోతే ఎలా అని అడిగాను. దానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి మూతికి గమ్ము పెట్టిన కవర్లో బీరువాలో, లాకరు తాళం పక్కన పెట్టింది. నేను తెరవనని ఒట్టు వేయించుకుంది కూడా!

ఆఫర్ వచ్చిందని సిమ్ములు మార్చేసే పిల్లలున్న తల్లులు ఇంకొకటి గమనించండి. వాడకుండా వదిలేసి ఆగిపోయిన నంబరుని 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. పాత నంబరు ఖాతాల్లో తీయకపోతే మీ పిల్లల ఓటీపీ ఆ కొత్తవాళ్ళకి వెళ్తుంది. మా చెల్లెలి కథ ఇంకో రకం. కొడుకు అమెరికా వెళ్తూ ఇండియా సిమ్ము దీని ఫోన్లో వేసి వెళ్ళాడు. అక్కడి యూనివర్సిటీలో డ్యూవో అని యాప్ వాడిచేవుంది, ఆ ఖాతాకి ఏ బెంగా లేదు. ఇక్కడ చదివిన కాలేజీ పోర్టల్‌లోంచి ఏ కాగితం కావాలన్నా మాత్రం అర్ధరాత్రి రెండింటికి దీన్ని లేపుతాడు, "అమ్మా, ఓటీపీ" అని. ఆ పోర్టల్‌కి ఎస్సెమ్మెస్ తప్ప ఇంకో దారి లేదట.

సంక్రాంతి సెలవుల ముందు మా అమ్మాయి కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మైకు ఇస్తే రెండు అడిగాను. తల్లిదండ్రుల నంబరు కబుర్లకి వేరుగా, పిల్లల ఖాతా తాళానికి వేరుగా రాసుకోమన్నాను. చేరిన మొదటి వారంలోనే పిల్లలందరి చేతా రెండో తాళం దగ్గరుండి వేయించమన్నాను. వెనక వరసలో ఒకాయన "పిల్లల చేతికిస్తే మనకేం తెలుస్తుందండీ" అన్నారు. మా తోడికోడలి మాటే. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం మీటింగయ్యాక నా దగ్గరకొచ్చి, ఆ యాప్ పేరేంటని అడిగి రాసుకెళ్ళారు. కాలేజీ వాళ్ళు "చూస్తాం మేడమ్" అన్నారు. వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతాను.