వంటింటి విజ్ఞానం: చీజ్ పొరలో ఆపిల్ పై

ఆపిల్ పై అనగా పాశ్చాత్యుల పెద్ద కజ్జికాయ. దానికి చీజ్ తోడు అమెరికాలో పాత అలవాటే; వెర్మాంట్ రాష్ట్రం 1999లో ఆ మాటను చట్టంలోనే వ్రాసుకున్నది.

మన అండమాన్ దీవులకు ఆపిళ్లు సముద్రం దాటి రావలసినవే. ఒక్కటీ వృథా కారాదు. అయినను మేము మొదట చేసిన పై అట్టవలె బిగిసినది. దోషము ఓవెన్‌ది కాదు, ఉక్కపోతది. వెన్న ముక్కలు గట్టిగా నిలిచిననే, కాల్చునపుడు వాటిలోని నీరు ఆవిరియై పొరలను విడదీయును. 32 డిగ్రీల దాపున వెన్న కరుగును. మన మధ్యాహ్నములు అంతకు దూరములో లేవు.

రెండవమారు తెల్లవారుజామున పూనుకొన్నాము. మైదా 250, చల్లని వెన్న 125, చీజ్ తురుము 75 గ్రాములు. ఐసు నీటితో ముద్దచేసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాము. సగం అడుగున పరచి, పంచదార, దాల్చినచెక్క పొడి కలిపిన నాలుగు ఆపిళ్ల ముక్కలు నింపి, మిగిలినది పైన కప్పి, ఆవిరి పోవుటకు గాట్లు పెట్టి, 200 డిగ్రీల వద్ద 45 నిమిషములు కాల్చాము. ఈసారి పొరలు విడినవి. ఇంటిల్లిపాదికీ పళ్లెములో పొడి కూడ మిగలలేదు.